గ్రీజు తాతకి హార్టు

అలా గుడ్లురిమి చూడకండి. వేలు జారిందని చెప్తున్నానుగా.

బతికున్నప్పుడూ ఇదే చూపు, ఫొటోలోనూ ఇదే చూపు. ఆ స్టూడియో అతను పాపం కాస్త నవ్వండి సార్ అని బతిమాలితే, ముందు నీ కెమెరా స్టాండు మర బిగించుకో, ఊగుతోంది అన్నారట. ఆ స్టాండుని చూసిన చూపే నా ప్రాణానికి మిగిలింది.

సరే, కాసేపు ఇక్కడే ఉండండి, ఈ పిండి డబ్బా పక్కన. వంటింట్లో పెట్టానని కోపం తెచ్చుకోకండి. హాల్లో గోడకి ఉంటే వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే చూసేస్తారు. మనిషి ఫొటో అంత పెద్దది చేయించి గోడకి తగిలించారంటే అర్థం ఏమిటో చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

ఎవరొస్తున్నారంటారేంటి? మీ గ్రీజు తాత. సాయంత్రం వస్తాడట. మిమ్మల్ని చూడ్డానికి.

అవును, మిమ్మల్నే. మీరు పోయి ఏడాది దాటిందని ఆయనకి తెలీదు. ఫోన్లో మీ పాత ఫ్యాన్ల రిపేరు గుంపులో ఎవరికీ తెలీదు. నేను చెబితేగా తెలియడానికి?

నా తప్పేం లేదండీ, వినండి ముందు. అందరికీ ఓ మాట చెప్పేసి మీ ఫోను మూసేద్దామనే తెరిచా. తెరవడానికి ఏ గీత గీయాలో నాకు మీరెప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది. అద్దం మీద మీ నూనె వేలు రోజూ నడిచిన దారి అలాగే మెరుస్తోంది. ఆ జాడలోనే వేలు పోనిచ్చా, తెరుచుకుంది. రహస్యాలు దాచుకునేవాళ్ళు చేతులు కడుక్కోవాలి.

తెరిచి, ‘ఆయన పోయారు’ అని కొడుతున్నా. ఇంకా కొట్టడం పూర్తవలేదు, గుంపులో ఉన్న ఆ నర్సమ్మ మెసేజి పడింది. గురువుగారూ, మా అమ్మకి ఒళ్ళు కాలిపోతోంది, టేబుల్ ఫ్యాను గరగరమని ఆగిపోయింది, ఏం చెయ్యను అని. ఆ పూట ఆవిడకి ఫ్యాను తిరగాలా, మీ చావు కబురు కావాలా? మీరే చెప్పండి.

రాసింది చెరిపేశా. ఎవరేం అడిగినా మీరు ముందు వేసే ప్రశ్న ఒకటుందిగా, అదే వేశా. ‘దుమ్ము తుడిచావా?’

ప్లగ్గు పీకి తుడిచిందట. తిరిగిందట. మీరు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి గురువుగారూ అని దండం బొమ్మలు వరసగా పెట్టింది. మీరు పోయి అప్పటికి రెండు వారాలు. నేనేమనను? సరే అన్నా.

అక్కడ మొదలైందండీ. ఆ తర్వాత ఎవరో రెక్క ఊగుతోందన్నారు, బిగించావా అన్నా. ఇంకెవరో అసలు కదలట్లేదన్నారు, స్విచ్చు చూశావా అన్నా. తుడిచావా, బిగించావా, స్విచ్చు చూశావా. ఈ మూడు ముక్కలతో జనం సగం కష్టాలు తీరిపోతున్నాయి. ఇన్నేళ్ళూ మీరేదో పెద్ద విద్య చేస్తున్నారనుకుని మర్యాదిచ్చాను నేను.

మిగతా సగానికి మీ పాత రాతలు వెతికేదాన్ని. ఈ ఫోన్లో ఒక్కటి మాత్రం నాకు నచ్చింది, అన్న మాట ఎక్కడికీ పోదు. ఇంట్లో అయితే నిన్న అన్నది ఇవాళ నేనెప్పుడన్నాను అనేవారు. అక్కడ ఆ పప్పులుడకవు. ఏ ఏడాదిలో ఏమన్నారో అంతా దొరుకుతుంది. మీ జవాబు తీసి మీ పేరుమీదే అతికించేదాన్ని. కరెంటుతో పనైతే మాత్రం మన రిపేరు కొట్టుకెళ్ళి మీ శిష్యుణ్ణి అడిగి రాసేదాన్ని. ఆ వైర్‌మాన్‌కి ఫోనంటే చిరాకు, గుంపులో లేడు కాబట్టి సరిపోయింది. ఎందుకమ్మగారూ ఇవన్నీ అడుగుతున్నారు అంటే, కాలక్షేపానికిలే అనేదాన్ని.

అప్పుడప్పుడూ నా నోరు ఊరుకోలేదు, ఒప్పుకుంటున్నా. స్టూలు ఎవరినైనా పట్టుకోమను అని రాశా ఒకరికి. ఖాళీ కడుపుతో ఎక్కకు, కళ్ళు తిరుగుతాయి, తిన్నాక చూసుకో అని ఇంకొకరికి. గురువుగారు ఈమధ్య మెత్తబడ్డారే అని గుసగుసలు బయల్దేరాయి. వయసు మీద పడిందన్నారు. ఆరోగ్యం బాగాలేదేమోనన్నారు. ఆరోగ్యమేం, దివ్యంగా ఉంది. ఫోన్లో మీ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూనే ఉందిగా. మనిషి ఉన్నాడో లేడో దానికేం పట్టింది, చార్జింగ్ ఉంటే చాలు.

మీ గ్రీజు తాత దగ్గర మాత్రం మెత్తబడలేదు, ఒట్టు. ఆయన వారానికోసారైనా ఫ్యానుకి గ్రీజే పెట్టాలి అని లేచేవాడు, నేను మీ పాత తిట్లలోంచి ఒకటి తీసి కొట్టేదాన్ని. మీ తిట్లకి కొదవేమిటి? జిడ్డు మహాశయా అని ఒకచోట, నీ బుర్రకి పట్టిన జిడ్డు ముందు కడుక్కో అని ఒకచోట. ముసలాయన్ని పట్టుకుని ఆ మాటలేమిటండీ? ఆయనా తక్కువ తినలేదనుకోండి. ఇద్దరు పెద్దమనుషులు, ఒకరి మొహం ఒకరు చూసిన పాపాన పోలేదు, ఇన్నేళ్ళు నూనా గ్రీజా అని కొట్టుకున్నారు. ఆ గుంపు జనమూ అలాగే చీలిపోయి ఉన్నారు, సగం నూనె వర్గం, సగం గ్రీజు వర్గం. ఇళ్ళల్లో వేరే పని లేకపోతే సరి.

ఇప్పుడు ఆయన రాతకి పడిన ఆ హార్టు బొమ్మ సంగతి.

వేలు జారలేదండీ. మీకెందుకు అబద్ధం చెప్పాలి, నొక్కాను. కావాలనే నొక్కాను.

మొన్న ఆయన ఏం రాశాడో మీరు చూడాల్సింది. నూనె గురువుగారూ, మీరు పోసే నూనె ఫ్యానుకి కాదయ్యా, కింద పడుకున్నవాళ్ళ నెత్తికి అన్నాడు. నాకు ఒకటే నవ్వు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వా. ఎవరి దిండు మీద పడింది ఆ నూనె ఇన్నేళ్ళూ? ఎన్ని దిండు గలేబులు ఉతికాను? గోడవైపు మీరు, ఫ్యాను కింద నేను. నడినెత్తిన చుక్క పడి లేచి కూర్చుంటే, తలకి మంచిదేలే పడుకో అనేవారు. నా తరఫున మాట్లాడిన మొదటి మనిషండీ ఆయన. హార్టు పెట్టకుండా ఎలా ఉంటాను?

దాంతో కొంప మునిగింది. మాట్లాడుకునే రోజుల్లో ఊరికే తలూపితే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఇక్కడ ఒక్క ఎర్ర బొమ్మ నొక్కితే ప్రళయం వచ్చేసింది. గురువుగారు లొంగిపోయారని గ్రీజు వర్గం చప్పట్ల బొమ్మలు. నూనె వర్గంలో నలుగురు గుంపులోంచి వాకౌట్ చేశారు. ఒకడైతే, ఇంతకాలం మిమ్మల్ని నమ్ముకుని మా అత్తగారితో వాదించాను, ఇప్పుడు ఆవిడకి మొహం ఎలా చూపించను అని రాశాడు. ఎవరో మీ ఖాతా దొంగలు కొట్టేశారని పుకారు లేపారు. గుంపు పెద్ద, ఆ హోమియో డాక్టరు, గురువుగారు వచ్చి వివరణ ఇచ్చేదాకా ఇంకెవరూ ఏమీ రాయకూడదని తాళం వేసేశాడు. ఆ దొంగ ఇక్కడ కూరగాయలు తరుగుతోందని వాళ్ళకేం తెలుసు.

గ్రీజు తాత మాత్రం ఉలుకూ పలుకూ లేదు. గెలిచినవాడు ఎగిరి గంతెయ్యాలి కదా? నిన్న విడిగా ఒక్క మెసేజి పెట్టాడు. మీ ఇంటికి రావాలి, తప్పకుండా మాట్లాడాలి అని.

కావలించుకోడానికి వస్తున్నాడు, ఇంకేముంది. నేనేదో కొట్టడం, చెరపడం, కొట్టడం, చెరపడం. మనం కొడుతున్నట్టు అవతలివాళ్ళకి కనిపిస్తూనే ఉంటుందట, ఆ దిక్కుమాలిన ఏర్పాటు ఎవడు కనిపెట్టాడో. ఆయన అక్కడ చూస్తూ కూర్చున్నాడని కంగారుపడి, ఆఖరికి అడ్రసు కొట్టి ‘రండి’ అని పంపేశా.

అందుకే మీరీ పిండి డబ్బా పక్కన. నిద్రపోతున్నారని చెప్తా. లేచేదాకా కూర్చుంటానంటే? పనిమీద బయటికెళ్ళారంటా. వచ్చేదాకా ఉంటానంటే? పోయారని చెప్పేస్తే గొడవే ఉండదు, తెలుసు. చెప్పొచ్చు. నోరు తిరిగితే కదా.

ఉండండి. బెల్లు కొట్టారు. మీరు మాట్లాడకండి.

వెళ్ళిందండీ. స్కూటరెక్కించి వచ్చి చాలాసేపైంది, ఇంతసేపూ ఫోనుతోనే సరిపోయింది.

వెళ్ళాడు కాదు, వెళ్ళింది. గ్రీజు తాత రాలేదు. కోడలొచ్చింది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుందట, హెల్మెట్టు చంకలో పెట్టుకుని, నిలబడ్డచోటే నిలబడి, గురువుగారున్నారా పిన్నిగారూ అంది. నేను గబుక్కున, నిద్రపోతున్నారమ్మా అన్నా. అంతే, పాపం అప్పట్నించీ ఆ పిల్ల గుసగుసగానే మాట్లాడింది. మీకు నిద్రాభంగం అవుతుందని కుర్చీ కూడా జరపకుండా అంచుమీద కూర్చుంది.

వాళ్ళ మామగారికి ఏమీ గుర్తుండట్లేదటండీ. మిల్లులో వందల ఫ్యాన్లు చూసుకున్న మనిషి, స్క్రూడ్రైవర్ చేతికిస్తే తిరగేసి తిరగేసి చూసి ఇదేమిటని అడుగుతున్నాడట. కొడుకుని ఎవరు బాబూ మీరు అంటాడట. కోడల్ని అక్కా అని పిలుస్తాడట. ఒక్కటే గుర్తుంది. మీరు. సాయంత్రం పూట ఈ పిల్ల ఫోను తీసి, మామయ్యా, నూనె గురువుగారు మిమ్మల్ని ఏదో అన్నారు అంటే చాలు, నిటారుగా కూర్చుంటాడట. కుర్చీ చెయ్యి మీద గుద్ది, రాయి, నేను చెప్తా రాయి అంటాడట. ఆ పూట మాత్రం నిమిషంసేపు పాత మనిషి. తిడతాడు, నవ్వుతాడు, ఆ ఊపులో నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు. ఆయన చెప్పడం, ఈ పిల్ల కొట్టడం. నెత్తిన నూనె మాట కూడా ఆయన సొంతమే. నిన్న ఇంటికి రావాలన్న మెసేజి మాత్రం ఈ పిల్లదేనట.

నేను కొట్టిన తిట్లండీ అవి. మీ పాత తిట్లు. ఎవరికో అన్నం అరుగుతోందని నాకేం తెలుసు?

మరి ఆ హార్టు చూసి ఈ పిల్ల సంబరపడింది. మామయ్యా, గురువుగారు మీ మాట ఒప్పుకున్నారు, మీరే గెలిచారు అని గట్టిగా చదివిందట. ఆయన కుర్చీ మీద గుద్దబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడట. తర్వాత అన్నాడట.

“ఒప్పుకున్నాడా? అయితే వాడు పోయాడమ్మా.”

సొంత కొడుకుని గుర్తుపట్టలేనివాడికి అది ఎలా తెలిసిందండీ? ఏడాదిపాటు గుంపులో అంతమంది పట్టుకోలేకపోయారు. నా దొంగతనం పట్టుకున్నది ఆయనొక్కడే. అప్పట్నించీ గోడవైపు తిరిగి పడుకున్నాడట. ముద్ద పెట్టబోతే మూతి తిప్పుకుంటున్నాడట. లేదు మామయ్యా, గురువుగారు బాగానే ఉన్నారు అని ఎన్నిసార్లు చెప్పినా వినట్లేదట.

అప్పుడు ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఇంకా గుసగుసగానే.

“ఆయన లేచాక ఒక్క మాట తిట్టమని చెప్తారా పిన్నిగారూ?”

లేచి, రామ్మా అని ఇక్కడికి తీసుకొచ్చా. చూశారుగా మీరు. ఆ పిల్ల మిమ్మల్ని చూసింది, పిండి డబ్బాని చూసింది, నన్ను చూసింది. మీరు మాత్రం ఆ స్టాండు వంకే చూస్తూ ఊరుకున్నారు. ఆయనే తల్లీ అన్నా. ఏడాది దాటింది, రాసేది నేనే అన్నా. ఏడాదిగా ఎవరితోనూ పైకి అనలేదండీ ఆ మాట. గుంపులోవాళ్ళకనే కాదు, ఎవరికీ. చుట్టాలకి కూడా వేరేవాళ్ళే చెప్పారు. నోరు తిరగదేమో అనుకున్నా. తిరిగింది, ఇట్టే వచ్చేసింది.

ఆ పిల్ల ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వింది. అయితే మా మామయ్య ఏడాదినించీ మీ చేతిలో తిట్లు తింటున్నారా అంది. నేనూ నవ్వాను. మిమ్మల్ని చూస్తూ నవ్వితే మీకు నచ్చదని తెలుసు, ఆగలేదు. ముక్కు తుడుచుకుని, టీ తాగి, అప్పుడు అంది. మీరే రాయండి పిన్నిగారూ, ఆయన గొంతు మీకే తెలుసు.

నాకేం తెలుసండీ? ఇంట్లో మీరు మాట్లాడిందెప్పుడు? కొట్టు షట్టరు సగం దించి, స్టూలు మీద కూర్చుని, ఆ గుంపుతో గంటలు గంటలు మాట్లాడి, ఉన్న మాటలన్నీ అక్కడ ఖర్చుపెట్టి ఇంటికొచ్చేవారు. వచ్చాక ‘ఊఁ’, ‘ఉప్పు’, ‘లైటు తియ్యి’. ఆ గ్రీజు తాతంటే నాకు ఒళ్ళు మంటగా ఉండేది. ఆడమనిషైతే జుట్టు పట్టుకుందును, ముసలాయనాయె.

కానీ రాశా. ఆ పిల్ల స్కూటరెక్కి వెళ్ళగానే, ఈ గట్టుమీదే కూర్చుని, మీ పాత రాతలేవీ వెతక్కుండా సొంతంగా రాశా. చదువుతా వినండి.

‘ఓయి జిడ్డు మహాశయా. నా ఫోను మీద నూనె చుక్క పడి వేలు జారింది. దానికే గెలిచాననుకుని మంచమెక్కి కులుకుతున్నావట. నేను పోయాననుకున్నావా? నీకు నూనె విలువ తెలిసేదాకా నేనెక్కడికీ పోను. లేచి కూర్చో, తిండి తిను, అప్పుడు తిడతాను. ఖాళీ కడుపు వాడితో నేను దెబ్బలాడను.’

చివర్న మీ మాటే పెట్టా. మీకు తెలుసు ఏ మాటో.

ఈ ఏడాదిలో మీ రాతలన్నీ వెతుకుతూ వెతుకుతూ నేను పట్టుకున్నదది. ఎవరితో ఎంత దెబ్బలాడినా, వాదన ఎంత మంచి రసపట్టులో ఉన్నా, ఆఖర్న ఒకటే ముక్క రాసి లేచేవారు. ‘చాలు. ఇంట్లో ఆవిడ తినకుండా కూర్చుంటుంది. వెళ్తున్నా.’ ఎన్నిచోట్ల ఉందో. గ్రీజు తాతకి రాసినవాటిలో అన్నిట్లోనూ ఉంది. నేను తినకుండా కూర్చునేదాన్నని మీకు తెలీదనుకున్నానండీ. ఆ గుంపు గుంపంతా ఎరుగుదురు, నాకొక్కదానికే చెప్పలేదు. ఒక్కసారి ఇంటికొచ్చి ఆ ముక్క నా మొహాన అంటే మీ సొమ్మేం పోయేది?

అదే కొట్టా. ‘ఇంట్లో ఆవిడ తినకుండా కూర్చుంటుంది. వెళ్తున్నా.’ కొట్టి చెరిపి, మళ్ళీ కొట్టా. అవతల ముసలాయనకి నేను కొడుతూనే ఉన్నట్టు కనిపించి ఉంటుంది.

జవాబు వచ్చింది, ఇందాకే. ఆ పిల్ల ముందు విడిగా పెట్టింది, లేచి కూర్చున్నారు పిన్నిగారూ, కుర్చీ చెయ్యి గుద్దుతున్నారు, కంచం తెమ్మంటున్నారు అని. నా తిట్టు పడగానే డాక్టరు గుంపు తాళం తీసేశాడు, తర్వాత ఆయన జవాబు అక్కడ పడింది. ‘వెళ్ళవయ్యా వెళ్ళు. ముందు ఆవిడ నెత్తిన నూనె కారకుండా చూసుకో. చేతకాకపోతే చెప్పు, నేనొచ్చి గ్రీజు పెడతా.’ నూనె వర్గం నలుగురూ తిరిగొచ్చి చేరారు. చప్పట్లు, దండాలు, మంట బొమ్మలు. ఇక రోజూ నేను తిట్లు కనిపెట్టాలి కాబోలు. మంచి పని అప్పజెప్పి పోయారు.

రండి, హాల్లోకి పోదాం. ఇక మిమ్మల్ని దాచాల్సిన పనిలేదు. ఈ పిండి ఒకటి అంటింది అద్దానికి, తుడుస్తా ఉండండి. దుమ్ము తుడిచావా అని మీరడక్కముందే.

ఇంకో మాట చెప్పాలి. ఎలాగూ గుడ్లురుముతూనే ఉన్నారు.

పడగ్గది ఫ్యానుకి గ్రీజు పెట్టించానండీ. పోయిన నెల. మీ శిష్యుడితోనే, గురువుగారుంటే నన్ను చంపేసేవారమ్మగారూ అంటూనే పెట్టాడు. ఒక్క చుక్క కారితే ఒట్టు. దిండు తెల్లగా మల్లెపువ్వులా ఉంది. ఆ గరగర కూడా పోయింది, తిరుగుతోందో లేదో తెలీనంత మెత్తగా తిరుగుతోంది. ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం.

కానీ నాకు నిద్ర పట్టట్లేదు. నెత్తిమీద ఏదీ పడక, ఏ చప్పుడూ లేక, గోడవైపు ఎవరూ లేక. ఇదిగో, రేపు మీ శిష్యుణ్ణి పిలిచి ఆ గ్రీజంతా తుడిపించేసి నూనె పోయిస్తా.

కారితే కారనివ్వండి. గలేబులు ఉతుక్కోవడం నాకేమన్నా కొత్తా?